ఫైనల్ అయ్యాక కప్పు ముందు ఎవరి చేతికి వెళ్ళాలి? పెద్ద లీగుల్లో ఎలా ఇస్తారో తెలిసినవాళ్ళు చెప్పండి

బాచుపల్లి_ఓపెనర్
అందరికీ నమస్తే. మా చుట్టుపక్కల కాలనీలు కలిసి ఆదివారాలు ఆడుకునే టెన్నిస్ బాల్ లీగ్ ఒకటుంది, పది టీములు, ఇది ఏడో సీజన్. ఈసారి ఫైనల్ బాధ్యత నా మీద పడింది. ఆట గురించి నాకు బెంగ లేదు, అంపైర్లున్నారు, స్కోరింగ్ యాప్ ఉంది, అది నడిచిపోద్ది. నా బెంగంతా మ్యాచ్ అయిపోయాక వచ్చే ఆ అరగంట గురించే.

పోయినేడు ఏమైందంటే ఫైనల్ ఆఖరి ఓవర్ దాకా వెళ్ళింది, గెలిచిన టీం కెప్టెన్ ఇరవై రెండేళ్ళ కుర్రాడు, వాళ్ళ నాన్న నల్గొండ వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి కొడుకు ఆట చూడ్డానికి వచ్చాడు. మ్యాచ్ అయిన వెంటనే స్టేజీ మీదకి పెద్దల్ని పిలవడం మొదలుపెట్టారు, ఒక్కొక్కరికి శాలువా, బొకే, మొమెంటో, తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడటం, ముప్పావుగంట పైనే. ఓడిన టీం సగం మంది వెళ్ళిపోయారు. చీకటి పడింది. చివరికి కప్పు ఇచ్చేటప్పుడు స్టేజీ మీద పద్నాలుగు మంది పెద్దలు, కెప్టెన్ ఒక్కడు. ఆ కప్పుని అతిథే రెండు చేతులా పైకెత్తి ఫోటో దిగారు, కుర్రాడు పక్కన నిలబడి ఒక పిడి పట్టుకున్నాడు అంతే. టీం మొత్తం మెట్ల కింద ఉండిపోయింది. వాళ్ళ నాన్న ఫోన్‌లో తీసుకున్న ఫోటోలో కొడుకు భుజం మాత్రమే పడింది. ఆయన నాకు ఆ ఫోటో చూపించి ఏమీ అనలేదు, నవ్వి బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. నాకు ఏడాదంతా అదే గుర్తొస్తోంది.

అందుకే అడుగుతున్నా. ఐపీఎల్‌లో, అమెరికా లీగుల్లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఇదంతా ఏ వరుసలో చేస్తారు, ముందు ఎవరి చేతికిస్తారు, ఎందుకలా చేస్తారు? మా పది టీములకి పనికొచ్చేది ఏదైనా ఉంటే పట్టుకుపోతా.

ఉప్పల్_నార్త్‌స్టాండ్
అన్నా నువ్వు చెప్పింది చదివి మనసు కలుక్కుమంది.

నేను ఉప్పల్‌ల రెండు ఐపీఎల్ ఫైనళ్ళు చూసిన. 2017ల ముంబై పుణెని ఒక్క పరుగుతోని ఓడగొట్టింది, 2019ల చెన్నైని కూడ ఒక్క పరుగుతోనే, మలింగ ఆఖరి బంతికి శార్దూల్‌ని ఎల్బీ చేసిండు గదా అది. ఆ రెండు రాత్రులు కప్పు ఇచ్చుడు చూద్దామని కూసున్న, కానీ స్టేజీ మొకం కెమెరాల దిక్కే ఉంటది, నేనున్న దిక్కుకి ప్లేయర్ల వీపులు, పైనుంచి పడే రంగు కాయితాలు, గంతే. ఇంటికి పోయి టీవీల మళ్ళ చూసిన. గందుకే నా మాట ఒక్కటి, స్టేజీ ఎవరి దిక్కు పెడుతున్నవో ముందు సూస్కో. నీ లీగ్‌కి టీవీ లేదు, చూసేటోళ్ళు బౌండరీ కాడ కుర్చీలేసుకొని కూసుంటరు, గా దిక్కే ఉండాలె.

ఇంకోటి నన్ను ఎప్పుడూ గుంజుతది. మన టీములు కప్పులు గెలిచినయ్, కానీ మన కండ్ల ముంగట కాదు. డెక్కన్ చార్జర్స్ 2009ల గెలిస్తే అది జొహానెస్‌బర్గ్‌ల, ఎలక్షన్లని చెప్పి ఆ సీజన్ మొత్తం సౌతాఫ్రికాకి పోయింది. ముందటేడు ఆఖరి ప్లేస్‌ల ఉన్న టీం అది, గిల్‌క్రిస్ట్ ఫైనల్‌ల డకౌట్ అయిండు, అయినా ఆరు పరుగులతోని గెలిచినం. 2016ల సన్‌రైజర్స్ గెలిస్తే అది బెంగళూరుల, వాళ్ళ గడ్డ మీద వాళ్ళనే ఎనిమిది పరుగులతోని. వార్నర్ కప్పు ఎత్తుతుంటే అక్కడున్నోళ్ళు మనోళ్ళు కాదు. ఉప్పల్‌ల ఎత్తిన రెండు కప్పులూ ముంబైవే.

తార్నాక_గోల్‌పోస్ట్
పైన అన్నకి తోడు నేనొకటి కలుపుతా, హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ కప్పు గెలిచింది, అదీ గోవాలోనే. కోవిడ్ వల్ల సీజనంతా అక్కడే ఆడారు. కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, ఆఖర్లో సాహిల్ తవోరా కొట్టిన గోల్‌తో బతికాం, తర్వాత షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. స్టాండ్స్ నిండా పసుపు రంగే, మన పసుపు కాదు, కేరళవాళ్ళది! మనదీ వాళ్ళదీ ఒకే రంగు జెర్సీ మరి, ఫైనల్‌కి కేరళ టీమే వేరే జెర్సీ వేసుకుంది. మన కెప్టెన్ జువావ్ విక్టర్ కప్పు ఎత్తుతుంటే నేను తార్నాకలో గదిలో ఒక్కడినే అరిచా. గచ్చిబౌలిలో ఆ కెప్టెన్ చేతిలో ఆ కప్పు చూసుంటే ఎంత బాగుండేదో.

గచ్చిబౌలి_షటిల్
అన్నలిద్దరూ షటిల్‌ని మర్చిపోయారు. ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్‌లో హైదరాబాద్ హంటర్స్ 2018 జనవరిలో గెలిచింది మన గచ్చిబౌలి ఇండోర్‌లోనే, బెంగళూరు బ్లాస్టర్స్ మీద 4-3, కరోలినా మరిన్ మన టీంలో ఉంది. పండగ రోజులు, సగం ఊరు ఖాళీ, అయినా స్టేడియంలో గోల గోల. మన ఊళ్ళో మన టీమే కప్పెత్తింది, నేనున్నా అక్కడ.

ఉప్పల్_నార్త్‌స్టాండ్
కరెక్టే భయ్యా, యాదిలకి రాలే. ఒప్పుకుంటున్న.

డల్లాస్_నుంచి_శ్రీను
ఓపెనర్ గారూ, నేనిక్కడ పదేళ్ళ నుంచి ఉంటున్నా, మాది దిల్‌సుఖ్‌నగర్. అమెరికా లీగుల పద్ధతి నాకు తెలిసినంత చెప్తా.

ఇక్కడ నాలుగు పెద్ద లీగులు. అందులో మూడింట్లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, బేస్‌బాల్‌లో, కప్పు ముందు టీం ఓనర్ చేతికి వెళ్తుంది. లీగ్ కమిషనర్ స్టేజీ ఎక్కి రెండు మాటలు చెప్పి ఓనర్‌కిస్తాడు, తర్వాత కోచ్, తర్వాత ప్లేయర్లు. సూపర్ బౌల్‌లో, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్‌లో, నాకు నచ్చేదొకటుంది, స్టేజీ ఎక్కే ముందు పాత తరం ప్లేయర్ ఒకాయన లాంబార్డి ట్రోఫీని పట్టుకుని గెలిచినవాళ్ళ మధ్యలోంచి నడుచుకుంటూ వస్తాడు, రెండు పక్కలా ప్లేయర్లు నిలబడి దాన్ని ముట్టుకుంటారు, ముద్దు పెట్టుకుంటారు. ఓనర్ చేతికి వెళ్ళేలోపే ఆడినవాళ్ళందరి చేతులూ దాని మీద పడిపోతాయి. ఆ వెండి ట్రోఫీ ఏటా కొత్తది చేయిస్తారు, టిఫనీ కంపెనీ చేస్తుంది, 22 అంగుళాలు, గెలిచిన టీం దాన్ని శాశ్వతంగా ఉంచేసుకుంటుంది.

నాలుగోది ఐస్ హాకీ. అక్కడ పద్ధతే వేరు, ఓపెనర్ గారూ మీకు కావాల్సింది ఇదే అనుకుంటా. స్టాన్లీ కప్ ఒక్కటే, ఏటా కొత్తది చెయ్యరు. 1892లో కెనడా గవర్నర్ జనరల్‌గా ఉన్న లార్డ్ స్టాన్లీ ఇచ్చిన కప్పు అది. దాదాపు పదిహేనున్నర కిలోలు. తెల్ల గ్లౌజులేసుకున్న ఇద్దరు దాన్ని ఐస్ మీదకి మోసుకొస్తారు. కమిషనర్ ఓనర్‌ని పిలవడు, కెప్టెన్‌నే పిలుస్తాడు. కెప్టెన్ తలపైకెత్తి ఐస్ మీద ఒక చుట్టు తిరిగి తర్వాత ఎవరికివ్వాలో తనే నిర్ణయిస్తాడు, వాళ్ళు ఇంకొకరికి, అలా ఒక్కొక్క ప్లేయరూ ఎత్తాకే కోచ్‌లు, ఓనర్లు. స్టేజీ ఉండదు. ఉపన్యాసాలుండవు.

ఆ రెండో మనిషి ఎవరన్నదే అక్కడ అసలు కథ. 2001లో కొలరాడో గెలిచింది. రే బోర్క్ అని 22 సీజన్లు ఆడిన డిఫెన్స్ ప్లేయర్, అందులో దాదాపు 21 సీజన్లు బోస్టన్‌లోనే, ఎప్పుడూ కప్పు గెలవలేదు. కెప్టెన్ జో సాకిక్ కప్పు అందుకున్నాడు, కానీ తను ఎత్తలేదు, నేరుగా బోర్క్ చేతిలో పెట్టేశాడు. కెప్టెన్‌కి దక్కే మొదటి ఎత్తుడు వదిలేసుకున్నాడు. బోర్క్ ఆ వేసవిలోనే రిటైరయ్యాడు. 1998లో డెట్రాయిట్ కెప్టెన్ యైజర్మన్ కప్పుని వీల్‌చైర్‌లో ఉన్న కాన్‌స్టాంటినోవ్ ఒళ్ళో పెట్టాడు, అంతకు ముందేడు కప్పు గెలిచిన కొద్ది రోజులకే కారు ప్రమాదంలో ఆయన ఆట ఆగిపోయింది. ఆ వీడియోలు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

కొంపల్లి_స్పాన్సర్
శ్రీను గారూ బాగా రాశారు, కానీ ఓనర్‌కి ముందు ఇవ్వడం తప్పన్నట్టు ఎవరూ అనుకోకూడదని ఒక మాట. నేను ఇలాంటి కాలనీ టీం ఒకదానికి మూడేళ్ళుగా జెర్సీలు, బంతులు, గ్రౌండ్ అద్దె ఇస్తున్నా. చిన్న హార్డ్‌వేర్ షాపు నాది. టీం కోసం తెల్లారి లేచి నీళ్ళ క్యాన్లు మోసుకెళ్ళే రోజులున్నాయి. కప్పు పక్కన ఒక్క ఫోటో అడగడం పెద్ద కోరికా? డబ్బు పెట్టినవాళ్ళందరినీ ఆ పద్నాలుగు మంది లెక్కలో వెయ్యొద్దు.

బాచుపల్లి_ఓపెనర్
అన్నా మీలాంటివాళ్ళ గురించి కానే కాదు, మా లీగ్ కూడా మీలాంటి ఇద్దరు ముగ్గురి చేతుల మీదే నిలబడింది. మీరడిగిన ఫోటో న్యాయమే. పోయినేడు స్టేజీ మీదున్న వాళ్ళల్లో పదకొండు మందికి ఏ రెండు టీములు ఆడాయో కూడా తెలీదు, నేను చెప్పేది వాళ్ళ గురించి.

పీఈటీ_మాస్టారు_రిటైర్డ్
బాబూ, ముప్పై ఏళ్ళు జిల్లా పరిషత్ స్కూళ్ళలో ఆటలు ఆడించాను. మీ పోస్టు చదివితే ఎన్ని మండల స్థాయి ఫైనళ్ళు గుర్తొచ్చాయో. పిల్లలు ఎండలో వరసగా నిలబడి ఉంటారు, పైన షామియానా కింద సన్మానాలు. నేనూ చేయించాను అలాగే, అప్పట్లో అదే మర్యాద అనుకున్నాం, తప్పు చేశానని ఇప్పుడు నిజంగా అనిపిస్తుంది.

ఈ గొడవ ఎంత పెద్ద స్థాయిలోనైనా వస్తుంది. 2006లో ముంబైలో ఆస్ట్రేలియా ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచినప్పుడు అప్పటి బోర్డు అధ్యక్షుడు శరద్ పవార్ గారు కప్పిచ్చి స్టేజీ మీదే ఉన్నారు. పాంటింగ్ ఆయన భుజం తట్టి కప్పు ఇటివ్వండన్నట్టు సైగ చేశాడు, డామియన్ మార్టిన్ ఆయన్ని పక్కకి నెట్టాడు. దేశమంతా కోపం తెచ్చుకుంది, పాంటింగ్ తర్వాత క్షమాపణ చెప్పాడు. ఆటగాళ్ళు చేసింది పద్ధతి కాదు, పెద్దాయన మీద చెయ్యి వెయ్యడం నేనెప్పటికీ ఒప్పుకోను. కానీ కప్పిచ్చాక ఇచ్చినవాళ్ళు ఏ పక్క నుంచి దిగాలో ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే ఆ అవమానం జరిగేది కాదు కదా. మీ యాంకర్‌కి చెప్పండి, "అతిథి గారికి ధన్యవాదాలు, ఇటు దయచేయండి" అని గౌరవంగా అంటే ఎవరూ నొచ్చుకోరు. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఇంకో సంగతి, ఎవరిస్తారన్నది ఫైనల్‌కి ముందే రెండు టీములకీ చెప్పాలి. 2025 ఆసియా కప్‌లో చూశాం. దుబాయ్‌లో మన తిలక్ వర్మ 69 నాటౌట్ కొట్టి గెలిపించాడు, తర్వాత ఆసియా క్రికెట్ కౌన్సిల్ అప్పటి అధ్యక్షుడు మొహ్సిన్ నఖ్వీ చేతుల మీదుగా కప్పు తీసుకోబోమని మనవాళ్ళు నిలబడ్డారు, గంటకి పైగా ఆలస్యమైంది, కప్పు వెనక్కి వెళ్ళిపోయింది. రాజకీయం జోలికి నేను పోను. హైదరాబాద్ కుర్రాడు తన జీవితంలో ఆడిన గొప్ప ఇన్నింగ్స్‌లలో ఒకటి ఆడిన రాత్రి చేతిలో కప్పు లేకుండా ఫోటో దిగాడు, నాకు ఆ బాధ మిగిలింది.

తార్నాక_గోల్‌పోస్ట్
మాస్టారూ నమస్కారం, చాలా బాగా చెప్పారు. ఫుట్‌బాల్ వైపు నుంచి రెండు ముక్కలు.

ప్రీమియర్ లీగ్ ట్రోఫీ మీద రెండు సింహాలుంటాయి పిడుల పైన, మూడో సింహం కెప్టెన్ అని వాళ్ళ లెక్క, అతను కప్పెత్తితే పైనున్న కిరీటం అతని తల మీదకొస్తుంది. అంటే తయారుచేసినప్పుడే ఎవరెత్తాలో అందులో రాసిపెట్టారన్నమాట. గెలిచిన టీం రంగుల రిబ్బన్లు కడతారు. లీగ్ ఆఖరి రోజు దాకా ఇద్దరి మధ్య పోటీ ఉంటే రెండు గ్రౌండ్లలోనూ ఒక్కో కప్పు రెడీగా ఉంచుతారు, ఒకటి అసలు, ఒకటి నకలు, 2019లో మాంచెస్టర్ సిటీ బ్రైటన్‌లో ఆడుతుంటే లివర్‌పూల్ ఇంట్లో ఆడింది, అప్పుడలాగే చేశారు. మెడల్స్ నలభై ఇస్తారు క్లబ్‌కి, ఆడినవాళ్ళకే కాదు సిబ్బందికీ అందాలని. ఓపెనర్ అన్నా నీ లీగ్‌లో పదకొండు మెడల్సే చేయిస్తుంటే దయచేసి పదిహేను చేయించు, బెంచీ మీద కూర్చున్నోడి మెడ ఖాళీగా ఉండకూడదు.

లివర్‌పూల్ 30 ఏళ్ళ తర్వాత 2020లో లీగ్ గెలిస్తే స్టేడియం ఖాళీ, కోవిడ్. అయినా వాళ్ళు స్టేజీని గ్రౌండ్‌లో పెట్టలేదు, అభిమానులు నిలబడే కాప్ స్టాండ్‌లో కట్టారు, రాలేకపోయినవాళ్ళ చోటది. మెడల్స్ వేసింది కెన్నీ డాల్‌గ్లిష్, 1990లో ఆఖరిసారి గెలిచినప్పటి మేనేజర్. ఎవరు ఇవ్వాలన్నదానికి ఇంతకన్నా మంచి జవాబు నేను చూళ్ళేదు.

2022 వరల్డ్ కప్‌లో మెస్సికి కప్పిచ్చే ముందు ఖతార్ అమీర్ నల్లని బిష్త్, అంటే అరబ్బుల పైవస్త్రం, కప్పారు కదా, దాని మీద ఇప్పటికీ వాదనే. నాకైతే ఆ జెర్సీ మొత్తం కనపడాల్సింది, 36 ఏళ్ళు ఎదురుచూసిన జెర్సీ అది.

మెహిదీపట్నం_పేసర్
భయ్యా, బిష్త్ గురించి ఒక్క మాట. అది అక్కడ పెద్దమనుషులకి, గౌరవించాల్సిన వాళ్ళకి వేసేది. మన దగ్గర శాలువా ఎట్లనో అట్ల. మన ఇంటికొచ్చిన వ్యక్తికి మనం శాలువా కప్పితే అవతలోళ్ళు తప్పు పడితే మనకెట్లుంటది? నేను గల్ఫ్‌ల నాలుగేండ్లు పనిచేసిన, వాళ్ళు ప్రేమతోని చేసిండ్రని నాకు తెలుసు.

తార్నాక_గోల్‌పోస్ట్
అది నిజమే భాయ్, గౌరవంతోనే వేశారు, అందులో అనుమానం లేదు. కప్పు ఎత్తాక వేసుంటే బాగుండేదన్నదే నా కోరిక, ముందా తర్వాతా అన్నదే తేడా.

మెహిదీపట్నం_పేసర్
తర్వాత వేస్తే అందరూ ఖుష్, గది ఒప్పుకుంటా. ఓపెనర్ భాయ్, నీ శాలువాలకి కూడ ఇదే లెక్క అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి చెప్పాలె, మంది గురించి. 2024ల టీ20 వరల్డ్ కప్ గెలిచి సిరాజ్ భాయ్ వచ్చినప్పుడు మా మెహిదీపట్నంల ఊరేగింపు తీసిండ్రు, నేను రోడ్డు మీదున్న, మస్తు మంది, సంతోషమే గానీ ఒక దగ్గర చిన్న పోరగాడు నలిగిపోతుంటే భుజాల మీదికి ఎత్తుకున్న. ఏడాదికి బెంగళూరుల ఏమైందో తెలుసు, 2025 జూన్ 4, ఆర్సీబీ ఐపీఎల్ కప్పు గెలిచిన తెల్లారే, స్టేడియం బయట తొక్కిసలాటల పదకొండు మంది చనిపోయిండ్రు. కప్పు చూద్దామని పోయినోళ్ళు. చిన్న గ్రౌండ్ అయినా సరే, కప్పు ఇచ్చేటప్పుడు పిల్లలంతా ఒక్కసారి ఉరికొస్తరు, తాడు కట్టు, నలుగురు వాలంటీర్లని పెట్టు. గేట్ రెండు దిక్కులా తీసి పెట్టు.

సికింద్రాబాద్_కీపర్
ఇంత మంది ఇన్ని కప్పుల గురించి రాశారు, మనమ్మాయిలు వరల్డ్ కప్ గెలిచిన 2025 నవంబర్ 2 రాత్రి గురించి ఎవరూ రాయలేదే అని చూస్తున్నా.

నేను స్కూల్ రోజుల్లో సికింద్రాబాద్‌లో క్యాంప్‌కి వెళ్ళేదాన్ని, అమ్మాయిలం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మిథాలీ రాజ్ అక్క మా ఊళ్ళో ఆడి పెరిగిన మనిషి అన్నది మాకు ఎంత ధైర్యమో చెప్పలేను. ఆమె కెప్టెన్‌గా రెండు వరల్డ్ కప్ ఫైనళ్ళు ఆడింది. 2005లో సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా చేతిలో, 2017లో లార్డ్స్‌లో ఇంగ్లండ్ చేతిలో తొమ్మిది పరుగులతో. లార్డ్స్ మ్యాచ్ అయ్యాక ఆవిడ మొహం నాకిప్పటికీ గుర్తు. 2022లో కప్పు లేకుండానే రిటైరయింది, ఆరు వరల్డ్ కప్‌లు ఆడి.

నవీ ముంబైలో మనమ్మాయిలు సౌతాఫ్రికాని 52 పరుగులతో ఓడించారు, అర్ధరాత్రి అయింది. హర్మన్ కప్పు తీసుకుంది, టీం అంతా ఎగిరారు, అందులో మన కడప అమ్మాయి శ్రీచరణి, మన హైదరాబాద్ అరుంధతి రెడ్డి. అది అయిపోయిందనుకుని నేను టీవీ ఆపబోతున్నా. అప్పుడు గ్రౌండ్ చుట్టూ తిరుగుతూ వచ్చి కామెంటరీ కోసం వచ్చిన పాత ప్లేయర్ల దగ్గర ఆగి, ఝులన్ గోస్వామి చేతిలో, మిథాలీ చేతిలో, అంజుమ్ చోప్రా చేతిలో ఆ కప్పు పెట్టారు. మిథాలీ ఎత్తింది. మా అమ్మ నిద్రలేచి వచ్చి ఏమైందే అని అడిగితే చెప్పడానికి నాకు మాట రాలేదు.

అది అధికారిక కార్యక్రమంలో లేదు. ఏ ప్రోగ్రాం షీట్‌లోనూ రాసి ఉండదు. శ్రీను గారు చెప్పిన ఆ రే బోర్క్ కథ నాకు తెలీదు ఇప్పటిదాకా, కానీ చదువుతుంటే నాకు మిథాలీయే కనపడింది. ఓపెనర్ గారూ, మీ లీగ్ మొదలైనప్పటి నుంచి ఆడి, లేదా ఆడించి, ఒక్కసారి కూడా కప్పు ముట్టుకోనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడండి.

ఉప్పల్_నార్త్‌స్టాండ్
అక్కా దండం. గీ పోస్ట్ నేను మా చెల్లెకి పంపిన.

రాయుడు అన్న గురించి కూడ చెప్పాలె గిక్కడ. 2023 ఐపీఎల్ ఫైనల్, వానతోని ఒక రోజు జరిగి, అర్ధరాత్రి దాటేదాకా పోయింది. అదే లాస్ట్ మ్యాచ్ అని రాయుడు ముందే చెప్పిండు. మోహిత్ శర్మ బౌలింగ్‌ల మూడు బాల్స్ దంచి ఎనిమిది బాల్స్‌ల 19 కొట్టి పోయిండు, తర్వాత జడేజా ఆఖరి రెండు బాల్స్ సిక్స్, ఫోర్. ధోని కప్పు తీసుకునేటప్పుడు రాయుడుని, జడేజాని ముందుకి పిలిచిండు, వాళ్ళ చేతులకే ఇప్పిచ్చిండు. ధోని ఎప్పుడూ గంతే, కప్పు పిలగాళ్ళ చేతుల పెట్టి ఫోటోల ఏదో ఒక మూలకి పోయి నిలబడతడు. రాయుడికి అది ఆరో ఐపీఎల్ కప్పు, మూడు ముంబైతోని, మూడు చెన్నైతోని. మన దిక్కు పిలగాడు ఏడుసుకుంట ఎత్తిండు.

కూకట్‌పల్లి_యాంకర్
నేను పెళ్ళిళ్ళు, స్కూల్ డేలు, అపార్ట్‌మెంట్ స్పోర్ట్స్ మీట్‌లకి మైక్ పట్టుకుంటా, పదకొండేళ్ళ అనుభవం. పని వైపు నుంచి చెప్తా, ఎందుకంటే మనసు ఎంత మంచిదైనా ఆ రోజు గ్రౌండ్‌లో వరస తప్పితే అంతా పోద్ది.

అతిథుల సన్మానం మ్యాచ్ తర్వాత పెట్టకండి, టాస్ ముందు గానీ ఇన్నింగ్స్ బ్రేక్‌లో గానీ పెట్టండి. టీములకి ఎలాగూ పది పదిహేను నిమిషాలుంటాయి, జనం కూడా కూర్చుని ఉంటారు, అతిథులకి కూడా అప్పుడే ఎక్కువ మంది కనపడతారు. ఇలా చెప్తే వాళ్ళే సంతోషంగా ఒప్పుకుంటారు, నేను చాలాసార్లు చూశా. మ్యాచ్ అయ్యాక ముందు అంపైర్లు, స్కోరర్, తర్వాత ఓడిన టీం. ఓడినవాళ్ళని ఎక్కువసేపు నిలబెట్టకూడదు, వాళ్ళకి ఇచ్చేసి పంపేయాలి, ఇది అన్ని పెద్ద లీగుల్లోనూ చూస్తాం. ఆ తర్వాత వ్యక్తిగత అవార్డులు త్వరగా. గెలిచిన టీం మొత్తం మెడల్స్ వేసుకుని వరసలో నిలబడ్డాకే కెప్టెన్‌ని పిలవాలి, ముందు పిలిస్తే మిగతావాళ్ళు కిందే ఉండిపోతారు, పోయినేడు మీకు జరిగింది అదే.

స్టేజీ వద్దు నా మాట వినండి. టెంట్ హౌస్ వాళ్ళ స్టేజీకి మెట్లు ఒక పక్కనే ఉంటాయి, పదహారు మంది ఎక్కితే ఊగుతుంది. నేల మీదే గుడ్డ పరిచిన టేబుల్, వెనక ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద పెద్దల ఫోటోలు నిండిపోకుండా రెండు టీముల పేర్లు పెద్దగా ఉండేలా చూడండి. ఫోకస్ లైట్ రెండు అద్దెకి తెచ్చుకోండి, శీతాకాలం ఆరింటికే చీకటి. తెచ్చిన రోజే వెలిగించి చూడండి.

కొంపల్లి_స్పాన్సర్
ఇన్నింగ్స్ బ్రేక్‌లో సన్మానం అంటే నాకు సమ్మతమే. ఫోటో మాత్రం కప్పెత్తిన తర్వాత టీంతో కలిసి, వెనక వరసలో నిలబడతా.

డల్లాస్_నుంచి_శ్రీను
ఓపెనర్ గారూ ఒక చిన్న మాట మిగిలింది. స్టాన్లీ కప్ మీద గెలిచిన టీం ప్లేయర్ల పేర్లు చెక్కుతారు. కింద అయిదు పట్టీలుంటాయి, నిండిపోతే పై పట్టీ తీసి టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టి కింద కొత్త పట్టీ వేస్తారు. 1995 నుంచి ప్రతి ప్లేయర్‌కీ ఒక రోజు ఆ కప్పు ఇంటికి పంపుతారు. తిరిగే కప్పు పెట్టుకుంటే ఏటా కొత్తది కొనే ఖర్చూ ఉండదు.

బాచుపల్లి_ఓపెనర్
ఫైనల్ నిన్న అయింది. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే పొద్దున్నే రాస్తున్నా.

శాలువాలు ఇన్నింగ్స్ బ్రేక్‌లో అయిపోయాయి, పన్నెండు నిమిషాలు పట్టింది, ఒక పెద్దాయన మాత్రం మ్యాచ్ అయ్యాకే మాట్లాడతానని పట్టుపట్టారు, మా అంకుల్ ఒకాయన పక్కకి తీసుకెళ్ళి ఏం చెప్పారో కానీ ఒప్పుకున్నారు. స్టేజీ వెయ్యలేదు. టేబుల్ పిచ్‌కి పది గజాల దూరంలో, మొహం కుర్చీల వైపు. తాడు కట్టాం, పిల్లలు దాని వెనకే ఉన్నారు, కప్పు ఎత్తాక తాడు తీసేశాం. స్పీకర్ మధ్యలో ఆగిపోయింది, యాంకర్ పని నేనే గొంతు చించుకుని చేశా. ఓడిన టీంలో ముగ్గురు మెడల్స్ తీసుకోకుండానే వెళ్ళిపోయారు, అది నాకు వెలితిగానే ఉంది, వచ్చే ఆదివారం వాళ్ళ ఇళ్ళకెళ్ళి ఇచ్చొస్తా.

కప్పుని బౌండరీ నుంచి టేబుల్ దాకా మోసుకొచ్చింది మా గ్రౌండ్ చూసుకునే తాత. ఏడు సీజన్లుగా పిచ్‌కి నీళ్ళు కొట్టి రోలర్ లాగింది ఆయనే, రెండు పక్కలా రెండు టీములూ నిలబడ్డాయి, సూపర్ బౌల్‌లో చేసినట్టు. ఆయన కొత్త లుంగీ కట్టుకొచ్చాడు, ముందు రోజు చెప్పామని. కెప్టెన్ కప్పు తీసుకున్నాడు, ఒకసారి ఎత్తాడు, తర్వాత నేనేమీ చెప్పకుండానే వాళ్ళ వికెట్ కీపర్ చేతిలో పెట్టాడు, ఆయనకి 43 ఏళ్ళు, మొదటి సీజన్ నుంచి ఆడుతున్నాడు, నాలుగు ఫైనళ్ళు ఓడాడు. వాళ్ళావిడ కుర్చీలోంచి లేచి నిలబడింది.

సికింద్రాబాద్_కీపర్
ఫోటోలు పెట్టండి తొందరగా. పోయినేడు కప్పు గెలిచిన ఆ కుర్రాడు ఈసారి వచ్చాడా?

బాచుపల్లి_ఓపెనర్
వచ్చాడండీ, సెమీస్‌లో ఓడిపోయారు వాళ్ళు, అయినా చూడ్డానికొచ్చాడు. శ్రీను గారు చెప్పినట్టు కప్పు కింద చెక్క పీఠం చేయించి ఏడు సీజన్ల పేర్లూ చెక్కిస్తున్నాం, అబిడ్స్ దగ్గర షాపులో ఇచ్చా, పది రోజులు పడుతుందన్నారు. పేర్లు సరిచూసుకోవడానికి పాత స్కోర్ షీట్లు ముందేసుకుని అందరికీ ఫోన్లు చేస్తున్నా. ఆ కుర్రాడు ఫోన్ ఎత్తలేదు, వాళ్ళ నాన్నకి చేశా. తెలుగులో చెక్కించాలా ఇంగ్లీషులోనా అని అడిగితే తెలుగులోనే చెక్కించమన్నాడు, ఇంటిపేరు కూడా పెట్టమన్నాడు, అక్షరం అక్షరం రెండుసార్లు చెప్పాడు, నేను రాసుకుని తిరిగి చదివి వినిపించా.